రికార్డుల కిటికీలో తాళంకప్ప

మా వీధిలో ఆమెను తాళంకప్ప అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. చాటున కాదు, మొహం మీదే అన్నాను. ఆమె కూడా నవ్వి ఊరుకుంది. యూనివర్సిటీలో రికార్డుల సెక్షన్ కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా ఆమె. ఎవరు పాసయ్యారు, ఎవరు తప్పారు, ఎవరు మధ్యలో మానేశారు, ఎవరి గది ఏ హాస్టల్లో, ఎవర్ని ఎందుకు సస్పెండ్ చేశారు, అన్నీ ఆమె ముందున్న కంప్యూటర్లో ఉండేవి. అలాంటి మనిషి గోడకవతలి వాటాలో కాపురముంటే నాలాంటిదాని ప్రాణం ఎలా కొట్టుకుంటుందో మీరే ఊహించుకోండి.

మొదట్లో మెల్లగా దారికి తెచ్చుకోవచ్చనుకున్నాను. ఆమె సాయంత్రం బస్సు దిగి వచ్చే వేళకు టీ పెట్టి గుమ్మంలో నిలబడేదాన్ని.

“మెకానిక్ కొడుకు పాసయ్యాడటగా?”

“వాణ్నే అడగండి పెద్దమ్మా.”

“వాడు పాసయ్యాననే అంటున్నాడు. అందుకే నిన్నడుగుతున్నా.”

“టీ బాగుంది పెద్దమ్మా.”

గ్లాసు కడిగి మరీ ఇచ్చి వెళ్ళిపోయేది. ఎన్నాళ్ళు టీ పోసినా అంతే. అయితే నేను మాత్రం తక్కువదాన్నా? కొంతకాలానికి నాకో కిటుకు దొరికింది. ఆమెకు అబద్ధం నోటికి రాదు. తనకు తెలియని సంగతి అడిగితే “నాకు తెలీదు పెద్దమ్మా” అనేది. తెలిసిన సంగతి అడిగితే “చెప్పడానికి వీల్లేదు” అనేది. ఇంకేం కావాలి? ఫలానా పిల్ల చదువు మానేసిందట కదా అని అడిగి, జవాబు ఏ మాటతో మొదలవుతుందో వింటే చాలు, మిగతాది నేనే అల్లుకునేదాన్ని. నోరు మెదపకుండానే తను ఎంత చెబుతోందో ఆమెకు తెలియదు.

అబద్ధమంటే ఆమెకు అంత పడకపోవడానికి కారణం ఉంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్నకు మనుషులంటే గిట్టేది కాదు. ఎవరు తలుపు కొట్టినా తను లోపలి గదిలో దూరి, “నాన్న ఇంట్లో లేడని చెప్పు” అని ఈమెను పంపేవాడట. ఒక రోజు ఎవరో దూరపు చుట్టం వచ్చి మీ నాన్న ఉన్నాడా అని అడిగితే, అలవాటు ప్రకారం లేడని చెప్పింది. ఆ మనిషి వచ్చింది వాళ్ళ నాన్నమ్మ ఆఖరి ఘడియల్లో కొడుకుని పిలుస్తోందని చెప్పడానికి. సంగతి తెలిసేసరికి ఆవిడ పోయింది. నాన్న తలుపు దగ్గరే ఈ పిల్ల చెంప పగలగొట్టాడట. చెప్పమన్నదే చెప్పినందుకు. అప్పటినుంచి ఉన్నవాళ్ళను లేరనడానికి తన నోరు తిరగదని ఆమె చెప్పింది.

భర్త టైలరు. ముందు గదిలోనే మిషన్. మంచివాడు, కాస్త తొందరమనిషి. వాళ్ళమ్మాయి అదే యూనివర్సిటీలో చేరిన ఏడాది, పరీక్షల ఫలితాలు వచ్చిన సాయంత్రం, గోడకవతల పెద్ద గొడవ. నేను వెంటనే ఏదో వంక పెట్టుకుని వెళ్ళాను.

“చూడండి పెద్దమ్మా, నా కూతురు మార్కులు నాకు చెప్పదట!” అన్నాడు టైలరు, మెడలో టేపుతోనే.

“దానికి పద్దెనిమిది దాటాయి. దాన్నే అడుగు,” అంది ఆమె.

“అది ఫోనెత్తట్లేదు. నువ్వు పొద్దుట్నుంచీ ఆ కంప్యూటర్ ముందే కూర్చుని వచ్చావు.”

“నేను దానిది చూళ్ళేదు.”

“చూళ్ళేదా! కన్నతల్లివేనా నువ్వు?”

“ఈ వీధిలో ఆడవాళ్ళందరి నడుం కొలతలూ నీకు తెలుసు. ఎప్పుడైనా పెద్దమ్మకు చెప్పావా?”

టైలరు నావంక చూశాడు. నేను చాలాసార్లు అడిగిన మాట నిజమే. “అది వేరు,” అని గొణిగాడు.

“ఏం వేరు? నీ టేపు నీ మెడలో, నా కిటికీ నా దగ్గర.”

ఆ కిటికీని ఒకసారి పని కల్పించుకుని వెళ్ళి చూసొచ్చాను. పెద్ద హాలు, గోడల పొడుగునా బీరువాలు, ఒక మూల అద్దం బిగించిన కౌంటరు. అద్దం అడుగున చిన్న కంత. అవతలివాళ్ళు మాట్లాడాలంటే నడుం వంచి ఆ కంతకు నోరు ఆనించాలి. ఇవతల ఈమె స్వెట్టరు వేసుకుని, వేళ్ళకు స్టాంపు సిరా అంటించుకుని, తల వంచి వినేది. పిల్లలకు ఆమె అంటే చనువు. “కిటికీ అక్క” అనేవారు.

ఇక అసలు సంగతి. ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఫలానా పిల్ల ఇక్కడ చదువుతోందా, ఏ కోర్సు, అన్నంతవరకు ఎవరడిగినా చెప్పొచ్చు. మార్కులు, చిరునామా, ఫోను మాత్రం చెప్పకూడదు. కానీ ఎవరైనా విద్యార్థి భయముండి, నేనిక్కడ చదువుతున్నట్టు కూడా ఎవరికీ తెలియకూడదని రాసిస్తే, ఆ పేరుకు కంప్యూటర్లో తాళం పడుతుంది. పేరు కొట్టగానే తెర పైభాగాన ఎర్ర పట్టీ వస్తుంది. అలాంటి పేరు ఎవరడిగినా, “ఆ పేరుతో మా దగ్గర ఎవరి వివరాలూ లేవు” అని చెప్పాలి. అక్షరం తేడా లేకుండా అదే మాట. కౌంటరు లోపలివైపు అతికించి కూడా ఉంది.

ఆ ఒక్క మాటే ఈమెకు నోటికి రాలేదు. ఉన్న పిల్లను లేదనడమే కదా! అందుకని ఎర్ర పట్టీ కనబడినప్పుడల్లా తనకు అలవాటైన మాటే అనేది: “ఆ వివరాలు చెప్పడానికి వీల్లేదండీ.” ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. తప్పుపట్టినవాళ్ళు లేరు. చెప్పలేదు కదా, అబద్ధమూ ఆడలేదు కదా, రెండూ దక్కాయి కదా అని లోలోపల కొంచెం గర్వంగానే ఉండేదట.

ఒకనాడు ఒక అమ్మాయి ఆ కంత దగ్గర వంగింది. నర్సింగు కోర్సు. పెళ్ళయిన పిల్ల, మొగుడి దగ్గర్నుంచి పారిపోయి వచ్చింది. ఎందుకు పారిపోయిందో అడగాల్సిన పని లేకపోయిందట, పమిటచెంగు జారినప్పుడు భుజం కనిపించింది. ఈమే దగ్గరుండి అర్జీ రాయించింది, ఈమే తాళం వేసింది.

“ఆయన ఇక్కడిదాకా వస్తే?” అని అడిగిందట ఆ పిల్ల.

“రానీ. ఈ కిటికీ దాటి ఒక్క ముక్క బయటికి పోదు. నిశ్చింతగా చదువుకో.”

ఆ అమ్మాయి పేరు మీరు నన్ను అడగొద్దు. నాకు తెలియదు. ఈ కథంతా తాళంకప్ప నోటినుంచి ముక్కలు ముక్కలుగా, చాలా సాయంత్రాలు పట్టి బయటికొచ్చింది. కానీ పేరు మాత్రం రాలేదు.

ఆ పిల్ల చదువు ఆఖరి ఏడాదిలో ఉండగా అతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, చేతిలో ప్లాస్టిక్ కవరు. క్యూలో తన వంతు వచ్చేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. ముందున్న ముసలాయనకు పెన్ను కూడా ఇచ్చాడట.

“నమస్కారమమ్మా. మా ఆవిడ ఇక్కడ చదువుతోంది. స్కూలు సర్టిఫికెట్ ఇంట్లో మర్చిపోయి వచ్చింది. ఇచ్చి వెళదామని,” అని పేరు చెప్పాడు. సర్టిఫికెట్ అసలుదే. కంత దగ్గర పెట్టి చూపించాడు.

ఆమె పేరు కొట్టింది. ఎర్ర పట్టీ వచ్చింది. గొంతు తొణక్కుండా, “ఆ వివరాలు చెప్పడానికి వీల్లేదండీ,” అంది.

“అడ్రసు అడగట్లేదమ్మా. ఇక్కడ ఉందా లేదా, అంతే.”

“అది కూడా చెప్పడానికి వీల్లేదండీ.”

అతను నవ్వాడు. “అర్థమైందమ్మా. చాలా థాంక్స్,” అని సర్టిఫికెట్ కవర్లో పెట్టుకుని, వెనకున్నవాళ్ళకు దారిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆమె ఇంటికి హుషారుగానే వచ్చింది. నాకు గుర్తుంది, టీ తాగుతూ, “ఇవాళ ఒకాయన్ని ఉత్త చేతులతో పంపించేశాను పెద్దమ్మా,” అంది. ఎవర్ని, ఎందుకు అని నేను చుట్టూ తిరిగి అడిగాను. చెప్పలేదు.

ఉత్త చేతులతో పోలేదు అతను. యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో రోజూ కూర్చున్నాడు. ప్రాజెక్టు కాగితాలకు వచ్చిన మనిషిలాగా ఏవేవో పేజీలు జిరాక్సు తీయించుకుంటూ ఉండేవాడని షాపువాడు తర్వాత చెప్పాడు. ఒక మధ్యాహ్నం, లైబ్రరీ మెట్ల మీద, పదిమంది చూస్తుండగా, ఆ అమ్మాయిని జుట్టు పట్టుకుని కిందికి లాగి, చేతిలోని హెల్మెట్‌తో మొహం మీద కొట్టాడు. వాచ్‌మన్, పిల్లలు కలిసి లాగేదాకా కొడుతూనే ఉన్నాడు. దవడ విరిగింది. ఒక కన్ను పోయింది.

ఆ కేకలు కిటికీ దాకా వినబడ్డాయట. ఎవరో పిల్లలు అరుచుకుంటున్నారనుకుని ఆమె ఒక స్టడీ సర్టిఫికెట్ మీద స్టాంపు వేస్తూనే ఉంది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు సూపరింటెండెంటు గదికి వచ్చాడు. ఈమెను కూడా పిలిచారు. అమ్మాయి ఇక్కడుందని నీకెవరు చెప్పారని పోలీసులు అడిగితే, పట్టుబడ్డ ఆ మొగుడు ఏమన్నాడో ఇన్‌స్పెక్టరు చదివి వినిపించాడు. “చాలా కాలేజీలు తిరిగాను. ఎక్కడడిగినా అలాంటివాళ్ళెవరూ లేరన్నారు. ఇక్కడ మాత్రం కిటికీలో ఉన్నావిడ చెప్పడానికి వీల్లేదంది. లేని మనిషి గురించి చెప్పడానికి వీల్లేకపోవడమేంటి?”

ఈ ముక్క ఆమె నాకు చెప్పినప్పుడు చేతిలోని గ్లాసు కింద పెట్టేశాను. ఎన్నేళ్ళుగానో నేను టీ గ్లాసు పట్టుకుని ఆమె దగ్గర లాగుతున్న కూపీ ఇదే. కాకపోతే నాకు కావలసింది మెకానిక్ కొడుకు మార్కులు.

విచారణ అన్నారు, కమిటీ అన్నారు. సూపరింటెండెంటు పాపం ఆమె మంచి కోరినవాడే.

“మీ మీద ఏమీ రాలేదమ్మా. రికార్డుల నుంచి ఏ సమాచారమూ బయటికి వెళ్ళలేదని తేల్చేశారు.”

“వెళ్ళింది సార్. నేనే చెప్పాను.”

“ఏం చెప్పారు?”

“ఉందని.”

“ఉందని అన్నారా?”

“అనలేదు.”

“మరింకేం?”

“రాసిపెట్టిన మాట అనలేదు సార్. నాది తప్పని రాయండి.”

ఆయన తలుపు వేసి వచ్చి మెల్లగా చెప్పాడట. “తప్పని రాస్తే మీ ఒక్కరితో పోదు. ఇన్నేళ్ళు ఎవరూ ఎందుకు చూసుకోలేదంటారు. నేను పోతాను, పైవాళ్ళు పోతారు. ఆ పిల్ల కన్ను తిరిగొస్తుందా? ఇంటికెళ్ళండమ్మా.”

పేపరువాళ్ళు వచ్చి, ఆ అమ్మాయి ఆచూకీ దుండగుడికి ఎలా తెలిసిందని అడిగితే యూనివర్సిటీ వారు ఒకటే జవాబిచ్చారు. విద్యార్థుల వ్యక్తిగత వివరాలకు సంబంధించిన విషయం కాబట్టి చెప్పడానికి వీల్లేదట. అది పేపర్లో పడింది. టైలరు నాకు చదివి వినిపిస్తుంటే ఆమె లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆసుపత్రికి వెళ్ళడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. వెళ్ళేసరికి ఆ పిల్ల దవడకు తీగలు కట్టి ఉన్నాయి, సగం మొహానికి కట్టు. పక్కన హాస్టల్ స్నేహితురాలు తప్ప ఎవరూ లేరు.

“అతనొచ్చిన రోజు కిటికీ దగ్గర... కూర్చున్నది నేనేనమ్మా,” అంది ఈమె.

ఆ పిల్ల ఒంటి కంటితో చూసింది. పళ్ళ సందునుంచి మాట రావడం కష్టంగా ఉంది. “తెలుసక్కా. పోలీసులు చెప్పారు.” తర్వాత, “నా పేరు తీసేయండి అందులోంచి,” అంది.

“తీసెయ్యడానికి ఉండదమ్మా. మూసెయ్యగలం. తీసెయ్యలేం.”

“అయితే ఎప్పటికీ అక్కడే ఉంటానా?”

ఈమె నీళ్ళ గ్లాసు అందుబాటులోకి జరిపి వచ్చేసింది. తిడితే బాగుండేదంది నాతో.

తర్వాత కొన్ని నెలలు గోడకవతలినుంచి నాకొక మాట వినబడేది. గిన్నెలు తోముతూ, బట్టలు ఇస్త్రీ చేస్తూ, జడ వేసుకుంటూ, “ఆ పేరుతో మా దగ్గర ఎవరి వివరాలూ లేవండీ. ఆ పేరుతో మా దగ్గర ఎవరి వివరాలూ లేవండీ.” పిల్లలు పద్యం బట్టీ పట్టినట్టు. మొదట్లో మధ్యలోనే ఆగి మళ్ళీ మొదటికి వచ్చేది. టైలరు ఒకసారి, “ఇక చాల్లేవే,” అని మిషన్ ఆపి అరిచాడు. ఆమె ఆపలేదు. మెల్లగా ఆ మాట జారుడుగా రావడం మొదలైంది. కిటికీ దగ్గర కూడా ఇప్పుడు అదే మాట, రాసిపెట్టినట్టే అంటోందని, ఎవరూ పట్టుకోలేరని ఆమె చెప్పింది. చెబుతున్నప్పుడు ఆ మొహంలో ఏమీ లేదు.

కేసు నడుస్తుండగానే అతనికి బెయిలు వచ్చింది. ఆ వారంలోనే ఆ అమ్మాయి మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చింది. నల్ల కళ్ళద్దాలు, నోటికి గుడ్డ. వంగలేక కంతకు ఎడంగా నిలబడింది. వేరే చోట చదువు పూర్తి చేసుకోవడానికి ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ కావాలంది. అర్జీలో ఒక గడి ఉంటుంది, ఏ కాలేజీకి వెళ్తున్నారో రాయాలి. ఆ పిల్ల అది ఖాళీగా వదిలి ఇచ్చింది.

“ఇది రాయకపోతే ఇవ్వరమ్మా.”

“రాస్తే అది ఇక్కడే ఉంటుంది కదక్కా?”

“ఉంటుంది. తాళం వేస్తాం.”

“రేపు వాళ్ళ లాయరు కోర్టు నుంచి కాయితం తెచ్చి అడిగితే?”

ఈమె అబద్ధమాడడం నేర్చుకుంది కదా, ఆ క్షణాన ఒక్కటి ఆడి ఉండొచ్చు. “కోర్టు అడిగితే ఇవ్వాలమ్మా,” అంది.

ఆ పిల్ల అర్జీని వెనక్కి లాక్కుని, చింపి, ముక్కలు బ్యాగులో వేసుకుంది. “వద్దులెండి,” అంది. అంతే. అక్కడ చదివిన చదువంతా అక్కడే వదిలేసింది. మళ్ళీ ఏ కాలేజీలో చేరాలన్నా చదవనట్టే మొదలుపెట్టాలి, లేకపోతే మానుకోవాలి.

ఈమె కౌంటరు మూసి, ఆ పిల్ల వెనకే పరిగెత్తి, వెనక గేటు దాకా నడిచింది. ముందు గేటు ఎదురుగా జిరాక్సు షాపు ఉంది కాబట్టి ఇద్దరూ ఏమీ అనుకోకుండానే వెనక్కి తిరిగారట. అక్కడి బస్టాపు నుంచి అన్ని వైపులకూ బస్సులు పోతాయి. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఆమె బ్యాగు పట్టుకుంటానంటే ఆ పిల్ల ఇవ్వలేదు. బస్సులు కనబడగానే, “అక్కా, మీరు అటు తిరగండి,” అంది.

“తిరిగాను పెద్దమ్మా,” అంది తాళంకప్ప. ముందు గదిలో టైలరు మిషన్ పక్కన పీట మీద కూర్చుని ఉంది. “గోడకేసి మొహం పెట్టి నిలబడ్డాను.”

“ఏ బస్సు ఎక్కిందో కండక్టరు కేకలు వినబడి ఉంటాయి కదే?” నా నోరు ఊరుకోదు కదా.

“చెవులు కూడా మూసుకున్నాను. చాలాసేపు అలాగే ఉన్నాను. తిరిగి చూస్తే బస్టాపులో ఎవరూ లేరు.”

“ఇప్పుడెక్కడుందో నీకు కూడా తెలియదన్నమాట.”

“తెలీదు.”

నేను ఆ గొంతును పాత అలవాటు కొద్దీ జాగ్రత్తగా విన్నాను. ఇప్పుడా గొంతులో నిజమేదో అబద్ధమేదో నాకు అంతు పట్టడం లేదు. టైలరు తల వంచుకుని, కుట్టిన చొక్కాకు గుండీలు కుట్టడం మొదలుపెట్టాడు. నేను లేవబోతుండగా ఆమె తనలో తాను అనుకున్నట్టుగా, “ఆ పిల్లవి మంచి మార్కులు పెద్దమ్మా. అన్నిట్లోనూ మంచి మార్కులు,” అంది. అని, ఉలిక్కిపడి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంత కాలంలో ఆ రికార్డుల్లోంచి ఆమె నాకు నోరు తెరిచి చెప్పింది అదొక్కటే.